ఇసుకలో రెండో గేరు

నేను ఒక పాత జీపులో, డ్రైవరు మోకాలి పక్కన నిలబడి ఉండే పొట్టి ఇనప కడ్డీని. గేరు రాడ్డు అనగానే మీ కళ్ల ముందు కదిలేది నేను కాదు. అది మా అన్న. పొడుగ్గా ఉంటాడు, నెత్తిన నల్లటి గుండు పెట్టుకుని అందరికీ కనిపించేలా ఊగుతాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అనే అంకెలన్నీ వాడివే. వాడి వెనక నేనూ, నా చెల్లెలూ పక్కపక్కన ఉంటాం. చెల్లెల్ని లాగితే ముందు చక్రాలకు కూడా ఇంజను బలం అందుతుంది, నాలుగు చక్రాలూ లాగుతాయి. ఆమె దిగాకే నేను దిగుతాను. నన్ను ముందుకు నెడితే బండికి వేగం, వెనక్కి లాగితే బలం. నడుమ ఆగిపోతే రెండూ లేవు. ఇంజను అరుస్తుంది గాని చక్రం తిరగదు. నేను వెనక్కి దిగిన తర్వాత మా అన్న చూపించే ప్రతి అంకెకూ అర్థం మారిపోతుంది. తారురోడ్డు మీద రెండో గేరు వేరు, నేను దిగాక రెండో గేరు వేరు. ఈ చిన్న సంగతి తెలియక ఎంతమంది ఎక్కడెక్కడ కూరుకుపోయారో నాకు బాగా తెలుసు.

నన్ను ఎర్రగా కాల్చి, సుత్తి కింద పెట్టి వంచిన కార్ఖానా ఎక్కడో పడమటి తీరంలో ఉంది. నన్ను జీపుకు బిగించిన మనిషి మూడుసార్లు ముందుకూ వెనక్కూ ఆడించి చూసి, తృప్తిగా నూనె గుడ్డతో తుడిచాడు. ఆ తర్వాత పదకొండేళ్లు నన్ను ఎవరూ కదిలించలేదు.

ఆ పదకొండేళ్లూ నేను కాలువల శాఖలో ఒక ఇంజనీరుగారి జీపులో ఉన్నాను. ఆయన కాలువ గట్టు దాకా వచ్చి, అక్కడ బండి ఆపించి, గట్టు దిగకుండానే నీళ్లు చూసి వెనక్కి వెళ్లేవారు. డ్రైవరు పక్కన కూర్చోగానే టోపీ తీసి నాకు తగిలించేవారు. నా కాళ్ల దగ్గర ఒక రేకు ఉండేది. నన్ను ఎప్పుడు లాగాలో, ఎలా లాగాలో దాని మీద ఇంగ్లీషులో రాసి ఉండేది. అయ్యగారికి ఆ చదువు వచ్చు. డ్రైవరుకూ కొంచెం వచ్చు. రోజూ పొద్దున ఆ రేకును తళతళా తుడిచేవాడు. అయినా నేను టోపీ కొక్కేన్నే. కొండను లాగగలిగిన బలాన్ని నా కింద దాచుకుని, చెమట వాసన వేసే టోపీని మోసుకుంటూ తిరిగాను. చిన్నతనంగా ఉండేది.

వేలంలో నన్ను ఒక జీడిపిక్కల వ్యాపారి కొన్నాడు. ఆయన నాకు అన్నం సంచి తగిలించాడు. అదీ కొన్నాళ్లు మోశాను. ఆయన దగ్గర్నుంచి మొగపేట తవిటయ్య చేతికి వచ్చాను. నా బతుకు మొదలైంది అక్కడే అనుకుంటాను.

మొగపేట సముద్రంలో ఏరు కలిసే చోట, ఇసుక మీద కట్టుకున్న ఊరు. పడవలు ఆగే ఒడ్డు నుంచి తారురోడ్డుకు రెండు కిలోమీటర్లు. దారంతా ఇసుకే. ఒడ్డు దగ్గర తడిగా గట్టిగా ఉంటుంది, ఆపైన మెత్తగా పిండిలా ఉంటుంది, దాని వెనక మనిషి నిలువుకు రెండింతల దిబ్బ. దిబ్బ దాటితే సరుగుడు తోట, గట్టి నేల. తవిటయ్య రోడ్డు మీద నుంచి ఐసు దిమ్మలు ఒడ్డుకు తెచ్చేవాడు, ఒడ్డు నుంచి చేపల బుట్టలూ, ఆ బుట్టల మీద కూర్చున్న ఆడవాళ్లనూ రోడ్డుకు చేర్చేవాడు. నన్ను రోజుకు పదిసార్లు లాగేవాడు. పదకొండేళ్ల తుప్పు పది రోజుల్లో వదిలింది.

తవిటయ్య మంచివాడే, కాని ఇసుక గురించి అతనికి ఒక సిద్ధాంతం ఉండేది. ఇసుక అంటే బలం కావాలి. బలం అంటే నేను దిగాలి. నేను దిగాక, మా అన్న అంకెల్లో అన్నిటికంటే బలమైనది ఒకటి. కాబట్టి ఒకటిలో వేసి, పెడలు నేలకు అంటేలా తొక్కాలి. టైర్లలో గాలి రాయిలా గట్టిగా ఉండాలి, మెత్తబడితే దిగబడతాయి. బండి ఆగిపోతే వెనక బరువు చాలలేదన్నమాట, నలుగురిని ఎక్కించాలి.

ఈ సిద్ధాంతంతో వారానికి నాలుగు రోజులు కూరుకుపోయేవాళ్లం. నేనూ, మా అన్నయ్య ఒకటో గేరూ కలిస్తే ఎంత బలం వస్తుందంటే, బండి కదిలే లోపలే చక్రం ఇసుకను చీల్చుకుని కిందికి పోతుంది. ఇసుకకు కావలసింది ఆ బలం కాదు. కాని ఎవరితో చెప్పను? కూరుకుపోయినప్పుడల్లా ఊళ్లోవాళ్లు నవ్వుకుంటూ వచ్చి తోసేవాళ్లు. పడవలు లాగిన చేతులు కదా, జీపును కూడా పడవలాగే పాట పాడుకుంటూ బయటికి లాగేసేవాళ్లు. తవిటయ్య అది కూడా వృత్తిలో భాగమే అనుకున్నాడు. పైగా బండి ఇంకా కదులుతుండగానే నన్ను గబుక్కున లాగేవాడు. నా అడుగున పళ్లు కరకరలాడేవి. అలా మూడేళ్లలో నేను నిలబడే గాడి అరిగిపోయింది. గట్టిగా కుదుపు తగిలితే నా అంతట నేనే జారి నడుమకు వచ్చేసేదాన్ని. ఇనపదాన్నే అయినా సిగ్గుగా ఉండేది.

బుట్టల మీద కూర్చుని వచ్చే ఆడవాళ్లలో తవిటయ్య అక్క అసిరమ్మ ఒకతె. మిగతావాళ్లు సముద్రం వైపు చూస్తూనో, ధరలు మాట్లాడుకుంటూనో ఉంటే, ఈమె తవిటయ్య కాళ్లూ చేతులూ చూసేది. ఒకరోజు అడిగేసింది.

"తవిటీ, నాకు బండి నేర్పు."

"నీకెందుకప్పా? బుట్ట మొయ్యలేకపోతన్నావేటి?"

"మొయ్యగల్ను. నీకు జొరమొస్తే సేపలకి జొరం రాదు కదా, అవి కుళ్లిపోతాయి. ఇద్దరం ఉంటే బండి ఆగదు."

తవిటయ్య నవ్వాడు. కాని మూడు రోజులు అదే మాట వినేసరికి, ఆటు సమయంలో తడి ఇసుక మీద ఆమెకు స్టీరింగు ఇచ్చాడు. ఆమె నన్ను మొదటిసారి పట్టుకున్న రోజు గుర్తుంది. అరచేతి అడ్డంగా తాళ్లు ఒరుసుకుని గట్టిపడిన గీతలు. నన్ను లాగే ముందు బండి పూర్తిగా ఆపింది. క్లచ్చి తొక్కింది. మెల్లిగా లాగింది. నా పళ్లు చప్పుడు చెయ్యలేదు. రేకు మీద రాసింది ఏమిటని తమ్ముణ్ణి అడిగింది. "ఏటో రాసుంది. మనకెందుకు," అన్నాడు తవిటయ్య. ఆ రేకులో రాసింది చదవగలిగిన ఇద్దరూ నన్ను ఒక్కసారీ లాగలేదు. చదవలేని ఇద్దరూ నాతోనే బతికారు.

ఇక్కడ ఊరి సంగతి ఒకటి చెప్పాలి. వానాకాలం మధ్యలోనే మొగపేట మగవాళ్లు గుజరాత్ వెళ్లిపోతారు. అక్కడి రేవుల్లో పెద్ద బోట్ల మీద పనిచేసి, ఎండలు ముదిరాక తిరిగి వస్తారు. ఆ ఎనిమిది నెలలూ ఊళ్లో ఆడవాళ్లూ, ముసలివాళ్లూ ఉంటారు. అసిరమ్మ మొగుడు దాలయ్య పద్నాలుగేళ్లుగా వెళ్తున్నాడు. రెండేళ్ల కింద ఇద్దరూ కూడబలుక్కుని ఒక ఫైబరు పడవ చేయించుకున్నారు. నీలం రంగు వేశారు. దాలయ్య ఫోను చేసినప్పుడల్లా ఒకటే మాట. జీపులో కూర్చున్నప్పుడు ఆమె ఫోను నాకు బాగా వినపడేది.

"ఇదే ఆకరు, అసిరీ. పైయేడు మన పడవలోనే దిగుతాను. దానికి ఎండ తగలనివ్వకు."

"నీ పడవకి నీకంటే ఎక్కువ నీడ ఉంది. నివ్వొచ్చీ."

ఆ పడవ ఒడ్డున తాటాకులు కప్పుకుని, మిగిలిన పడవల వరుసలో చిట్టచివర, దాలయ్య కోసం కాచుకుని ఉండేది.

ఆ ఏడు కార్తీకంలో తవిటయ్య కాలు విరిగింది. కూరుకుపోయిన చక్రం కింద జాకీ పెట్టాడు, జాకీ కింద చెక్క పెట్టలేదు. ఇసుకలో జాకీ ఒరిగి, బండి జారి, కాలు మీద పడింది. మోకాలు దాకా కట్టు కట్టారు. అప్పటి నుంచి బండి అసిరమ్మ తోలింది. తవిటయ్య పక్క సీట్లో కట్టు కాలు చాపుకుని కూర్చుని, "ఒకటి, ఒకటి," అని చెబుతూ ఉండేవాడు. ఆమె ఒకటే వేసేది. బండి తమ్ముడిది, మాట తమ్ముడిది. కూరుకుపోయేవాళ్లం. తోసేవాళ్లు.

పదిహేను రోజులకు తుఫాను వార్త వచ్చింది. పొద్దున పదింటికి మైకు కట్టిన ఆటో రోడ్డు మీద నుంచి అరిచి వెళ్లింది. సాయంత్రం నాలుగింటికి పోటు, దాంతో పాటు ఉప్పెన కెరటం వస్తుందనీ, మూడు గంటలకల్లా అందరూ తుఫాను షెల్టరుకు చేరాలనీ దాని సారాంశం. మనుషులు చేరడం కష్టం కాదు. పడవలు చేరాలి. ఒడ్డున ఏడు పడవలున్నాయి. మామూలు రోజుల్లో అయితే ముప్పై మంది మగవాళ్లు రెండు తాళ్లు పట్టుకుని ఒక్కో పడవనూ దిబ్బ దాటించేవాళ్లు. ఆ రోజు తవిటయ్య కాక ఊళ్లో ఉన్న మగవాళ్లు ఆరుగురు, అందరికీ అరవై దాటాయి. ఆడవాళ్లు ఒక ఇరవైమంది. పొడుగు తాడు కట్టి తోటలోంచే జీపుతో లాగుదామని ఒక ముసలాయన అన్నాడు గాని, దిబ్బ మీది సరుగుడు మోళ్లు తాడును కోసేస్తాయని అతనే ఒప్పుకున్నాడు. జీపు మెత్తటి ఇసుకలోకి దిగాల్సిందే.

అసిరమ్మ వరుస చివరకు చూసింది. నీలం పడవ మీద తాటాకులు అప్పటికే గాలికి లేస్తున్నాయి. ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు నుంచి కోత మొదలవుతుంది కాబట్టి, మొగకు దగ్గర ఉన్న పడవ ముందు, దూరంగా ఉన్నది చివర. అదే ఊరి పద్ధతి. అంటే ఆమె పడవ ఏడోది. అది పోతే దాలయ్య మళ్లీ గుజరాత్ వెళ్లాలి, ఈసారి ఇక ఆకరు అనే మాట ఉండదు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

మొదటి పడవ నీలమ్మది. అరవై ఐదేళ్ల మనిషి, ఊరంతటికీ అత్త. ఒడ్డు నుంచి పెద్ద అలివి వల లాగేటప్పుడు పాట ఎత్తి అందరినీ నడిపించేది ఆమే. పడవ కింద తాటి దుంగలు పరిచారు, ముక్కుకు తాడు కట్టి జీపు కొక్కేనికి వేశారు. తవిటయ్యను దిబ్బ మీద బోర్లించిన బుట్ట మీద కూర్చోబెట్టారు. అక్కడి నుంచి అతను కేకేశాడు.

"ఒకటి అప్పా, ఒకటి. నిండా తొక్కీ."

చెల్లెలు దిగింది. నేను దిగాను. ఒకటి పడింది. అసిరమ్మ నిండా తొక్కింది. ఇంజను బొబ్బరించింది, వెనక చక్రాలు ఇసుకను ఇంటెత్తు ఎగజిమ్మాయి, పడవ అంగుళం కదలలేదు.

"బరువు సాల్లేదు. ఎక్కండే వెనక," అన్నాడు తవిటయ్య.

ఆరుగురు ఆడవాళ్లు వెనక ఎక్కారు. మళ్లీ తొక్కింది. బండి ఇరుసు దాకా దిగి, పొట్ట ఇసుక మీద పరుచుకుని కూర్చుంది. చక్రాలు గాలిలో తిరిగినట్టు తిరుగుతున్నాయి. తవ్వారు, మళ్లీ ఒకటి, మళ్లీ దిగింది. మళ్లీ తవ్వారు. అలా గంటన్నర పోయింది. పన్నెండయింది. సముద్రం రంగు మారి, బురద కలిపినట్టు అయింది.

మూడోసారి తవ్వుతున్నప్పుడు నీలమ్మ పార పక్కన పెట్టి, జీపు తలుపు పట్టుకుని నిలబడింది.

"ఒసే అసిరీ, నీకు వల లాగడం నేర్పింది నానే కదా?"

"అవునత్తా."

"మడమ గుచ్చి, ఒక్క ఊపున గుంజితే నాను ఏటి సేసేదాన్ని?"

"ఈపు మీద ఒకటి ఇచ్చీదానివి."

"మరి నీ బండేటే, అచ్చం కొత్తకోడల్లాగ మడమలు గుచ్చి గుంజుతాది?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అసిరమ్మ నవ్వలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, వంగి, ఇసుకలో దిగిన ముందు చక్రం వైపు చూసింది. అలివి వల లాగేవాళ్లను నేను మూడేళ్లు చూశాను. తాడు నడుముకు వేసుకుని, అరికాలు పూర్తిగా పరిచి, ఒళ్లు వాల్చి, పాటకు తగ్గట్టు చిన్న చిన్న అడుగులు వేస్తారు. ఎవరూ గుంజరు. గుంజినవాళ్ల కాలు కింద ఇసుక జారుతుంది, వాళ్లే కూలబడతారు. నడిచినవాళ్ల వెంట వల వస్తుంది.

ఆమె కిందికి దిగింది. జడలోని పిన్ను తీసి, టైరు వాల్వులో గుచ్చింది. గాలి బుస్సుమంది.

"ఏటి సేస్తన్నావప్పా?" దిబ్బ మీద నుంచి తవిటయ్య గొంతు.

"అరికాలు పరుస్తన్నాను."

"దిగబడిపోద్ది."

"ఇప్పుడేటి, ఎగురుతందా?"

నాలుగు టైర్లలోనూ సగం గాలి తీసింది. అవి పొట్ట వేలాడేసినట్టు వెడల్పయ్యాయి. వెనక ఎక్కినవాళ్లను దిగమంది. చక్రాల ముందు పాత వలలు మడతలు మడతలుగా పరిపించింది, వాటి మీద సరుగుడు మండలు వేయించింది. పడవ తాడు విప్పించింది.

"ముందు బండి నడవాల. అప్పుడు పడవ."

ఎక్కి కూర్చుంది. చెల్లెల్ని లాగింది, నన్ను లాగింది, మా అన్న మీద చెయ్యి వేసింది. వాణ్ణి ఒకటి దగ్గర ఆపలేదు. ఇంకొంచెం కిందికి తెచ్చి రెండులో దించింది.

"అప్పా, అది రెండు," అన్నాడు తవిటయ్య. అంత దూరం నుంచీ అన్న కదలిక చూసి చెప్పగలడు, ఎంతైనా డ్రైవరు. "బలం సాలదు."

"ఉన్న బలం ఎక్కువై కదా దిగబడిపోతంది," అంది అసిరమ్మ.

ఆమె పెడలు తొక్కలేదు, దాని మీద పాదం ఆనించిందంతే. క్లచ్చి మెల్లిగా వదిలింది. నా అడుగున పళ్లు కుదురుగా కరుచుకున్నాయి. చక్రం తవ్వలేదు. వలను తొక్కింది, మండల్ని తొక్కింది, పైకి లేచింది. బండి ముసలి ఎద్దులా, తొందర లేకుండా, ఆగకుండా, మెత్తటి ఇసుక దాటి దిబ్బ మీదకు ఎక్కింది. నాలో అప్పటి దాకా వృథాగా పోయిన బలమంతా మొదటిసారి నేలకు అందింది. నా జన్మకు అర్థం అప్పుడే తెలిసిందని చెబితే మీరు నవ్వుకుంటారు. నవ్వండి.

దిబ్బ మీద ఆగి, బండి తిప్పుకుని మళ్లీ ఒడ్డుకు దిగేటప్పుడు మూడులో వేసింది. ఖాళీ బండికి, దిగుడుకు, మూడు చాలు. ఈ సంగతి కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదు. నిండు బుట్టతో నడిచేటప్పుడు ఒక అడుగూ, ఖాళీ బుట్టతో తిరిగి వచ్చేటప్పుడు ఇంకో అడుగూ వేసిన మనిషికి వేరే చెప్పాలా?

నీలమ్మ పడవకు తాడు వేశారు. గేరు మళ్లీ రెండు. నీలమ్మ పాట ఎత్తింది, దుంగలు మార్చేవాళ్లు పాటకు తగ్గట్టు మారుస్తున్నారు, అసిరమ్మ పాదం కూడా ఆ పాటకే కదులుతోంది. తాడు మెల్లిగా బిగిసింది. గుంజలేదు. పడవ మేలుకున్నట్టు కదిలి, దుంగల మీద దొర్లి, దిబ్బ ఎక్కి, సరుగుడు తోటలోకి దిగింది. తవిటయ్య పక్కనుంచే బండి వెళ్లింది. అతను కట్టు కాలు వెనక్కి తీసుకున్నాడు.

ఒక పడవ అయింది. తర్వాత రెండోది. మూడో పడవ దిబ్బ నడుముకు వచ్చేసరికి ఒక కుదుపు తగిలింది, నేను జారి నడుమకు వచ్చేశాను. ఇంజను ఊరికే అరిచింది, బండి వెనక్కి జారింది. అసిరమ్మ బ్రేకు తొక్కి, నన్ను మళ్లీ లాగి, ఆ తర్వాత ఎడం చేత్తో నన్ను పట్టుకునే ఉండిపోయింది. కుడి చేత్తో స్టీరింగు తిప్పుతోంది. నాలుగు, ఐదు, ఆరు అలాగే వెళ్లాయి. ఆమె అరచేతి చెమటకు నా తల జారుతోంది.

మూడున్నరకు ఏడో పడవ మిగిలింది. గాలికి తాటాకులన్నీ ఎప్పుడో ఎగిరిపోయాయి. కెరటం నీలం పడవ తోకను తడిపి వెనక్కి పోతోంది. షెల్టరుకు రమ్మని విజిలు వేస్తున్నారు.

"ఒగ్గీయే అసిరీ. ఇంక సాలు. మనిషి మిగిలితే పడవ మళ్లీ వస్తాది," అంది నీలమ్మ.

"పద్నాలుగేళ్లు మళ్లీ రావత్తా. తాడు కట్టు."

నీలమ్మ తనే వంగి తాడు కట్టింది.

నాలుగు చక్రాలూ రెండులో కదిలాయి. అయితే ఈసారి కింద ఇసుక నీళ్లు తాగి జావలా ఉంది. పక్కనుంచి కెరటం తోస్తోంది. పడవ ముక్కు అటూ ఇటూ తిరుగుతోంది, బండి వెనక భాగం దాంతో పాటు ఈడ్చుకుపోతోంది. స్టీరింగుకు రెండు చేతులూ కావాలి. ఆమె నన్ను వదిలింది. మూడు బారలు వెళ్లామో లేదో, నేను జారిపోయాను. ఆపుకోలేకపోయాను. బండి సముద్రం వైపు వెనక్కి పోయింది. బ్రేకు పట్టింది గాని తడి ఇసుక మీద చక్రాలు ఈడ్చుకుపోయాయి. ఒక కెరటం వచ్చి ఆమె పాదాల దాకా నీళ్లు నింపి వెళ్లింది.

ఆమె నన్ను మళ్లీ లాగింది. మళ్లీ రెండు చేతులూ స్టీరింగుకే వెళ్లాయి. నేను మళ్లీ జారాను.

అప్పుడు దిబ్బ మీద బుట్ట ఖాళీగా కనిపించింది. తవిటయ్య చంకలో కర్ర పెట్టుకుని, కట్టు కాలు ఇసుకలో ఈడ్చుకుంటూ, సగం దూరం పడుతూ లేస్తూ కిందికి వస్తున్నాడు. ఎవరో పట్టుకోబోతే తోసేశాడు. ఎడమ వైపు నుంచి సీటు మీదకు పొర్లినట్టు ఎక్కాడు. కట్టు తడిసి సున్నంలా కారుతోంది. నన్ను రెండు చేతులతో పట్టుకుని వెనక్కి లాగి, తన ఒళ్లంతా నా మీద వాల్చాడు.

అసిరమ్మ చెయ్యి మా అన్న మీద ఉంది. తమ్ముడి వైపు చూసింది. మూడేళ్లుగా విన్న మాటే అంటాడేమోనని కాచుకున్నట్టుంది.

"రెండే ఉంచప్పా," అన్నాడు తవిటయ్య. "మెల్లిగా పోనీ. దీన్ని నాను సూసుకుంటాను."

ఆమె మెల్లిగా పోనిచ్చింది. నా గాడి అరగ్గొట్టింది ఈ చేతులే. ఆ రోజు గాడికి బదులుగా నిలబడింది కూడా ఈ చేతులే. కుదుపు వచ్చినప్పుడల్లా నేను జారబోయాను, అతను జారనివ్వలేదు. వెనక నీలమ్మ పాట గాలిలో ముక్కలు ముక్కలుగా వినిపించింది. దుంగలు కెరటానికి కొట్టుకుపోతే ఆడవాళ్లు పడవకు రెండు వైపులా భుజాలు ఆనించారు. బండి ఆగలేదు. ఆగితే ఇక కదలదని నాకు తెలుసు, ఆమెకు నాకంటే ముందే తెలుసు. జావ దాటింది, మెత్తటి పిండి దాటింది, దిబ్బ మొదలైంది, దిబ్బ నడుము, దిబ్బ తల. పడవ ముక్కు మా వెనక పైకి లేచి, ఒక్కసారి ముందుకు వాలి, తోటలోకి దిగింది.

బండి ఆగాక కూడా తవిటయ్య నన్ను వదల్లేదు. వేళ్లు విప్పడానికి అతనికి కాసేపు పట్టింది.

"జాకీ కింద సెక్క పెట్టవు. గేరు మాత్రం నాకు నేర్పుతావు," అంది అసిరమ్మ.

"పద పద. సల్లేస్తంది," అన్నాడు తవిటయ్య.

ఆ సాయంత్రం పడవలున్న చోటంతా సముద్రమే అయింది. మర్నాడు చూస్తే దిబ్బ సగం లేదు. ఏడు పడవలూ సరుగుడు చెట్లకు కట్టేసి ఉన్నాయి.

జీపు ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది. నా గాడి మార్పించారు. తవిటయ్య కాలు బాగుపడ్డాక మళ్లీ తోలాడు, ఎప్పుడైనా కొత్త డ్రైవరు ఒకటిలో వేసి ఇసుక ఎగజిమ్ముతుంటే, ఆ రెండో గేరు సంగతి పుట్టినప్పటి నుంచీ తనకే తెలిసినట్టు చెప్పేవాడు. అసిరమ్మ పక్కనే కూర్చుని బుట్టలు సర్దుకునేది. ఉప్పు గాలికి జీపు అడుగు తినేసింది. చివరకు పాత ఇనుము కొనేవాడు బండి కట్టుకుని వచ్చాడు. మా అన్ననూ, చెల్లెల్నీ, రేకునూ అన్నిటినీ తీసుకుపోయాడు. వాడు బోల్టులు విప్పుతుండగా అసిరమ్మ వచ్చి, నన్ను చూపించి, "ఇది ఇవ్వను," అంది. పాత ఇనుము వాడు బేరం కోసమని అనుకున్నాడు. కాదని అర్థమయ్యాక నన్ను విప్పి ఆమె చేతిలో పెట్టాడు.

ఇప్పుడు నేను అసిరమ్మ ఇంట్లో, తలుపు పక్కన గోడలో దిగ్గొట్టి ఉన్నాను. సగం గోడలో, సగం బయట. లోపలి సగానికి పనిలేదు. బయటి సగానికి ఉంది. దాలయ్య తుఫాను తర్వాతి ఎండాకాలం తిరిగి వచ్చాక మళ్లీ గుజరాత్ వెళ్లలేదు. తెల్లవారక ముందే నీలం పడవలో దిగుతాడు, పొద్దెక్కాక వస్తాడు. గుమ్మం దాటగానే తలపాగా విప్పి, పిండకుండానే నాకు తగిలిస్తాడు.

"పిండి తగిలించరాదా? గోడ నానిపోతంది," అంటుంది అసిరమ్మ లోపలి నుంచి. ఎనిమిదేళ్లుగా అదే మాట. అతను పిండడు, ఆమె అనడం మానదు.

ఉప్పునీళ్లు నా ఒంటి మీద నుంచి కారి, కింద గచ్చు మీద చుక్కలు చుక్కలుగా పడతాయి. తుప్పు మళ్లీ మొదలైంది. ఒకప్పుడు గట్టు దిగని టోపీ మోస్తూ చిన్నతనపడ్డాను. ఇప్పుడు మోస్తున్నది తడిగుడ్డ. ఇది రోజూ తడిసే వస్తోంది. నాకు ఈ పని చాలు.